పంతులు లెక్క

మా తాత చేసిన ప్రసంగాలు చిన్నప్పుడు చాలా విన్నాను. వాటిలో ఒక్కటి కూడా ఇప్పుడు మొదటి నుంచి చివరిదాకా గుర్తు లేదు. ఆయన కానుకల డబ్బు లెక్కపెట్టిన తీరు మాత్రం కళ్లకు కట్టినట్టు గుర్తుంది. క్రీస్తు గురించి నాకు ఎవరు నేర్పారని అడిగితే సండే స్కూల్ టీచర్ల పేర్లు చెప్తాను. మనసులో మెదిలేది మాత్రం చాప మీద బాసింపట్టు వేసుకుని పైసలు పేరుస్తున్న తాతే.

మాది డోర్నకల్ దగ్గర ఒక చిన్న ఊరు. అప్పుడు వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. తాత అక్కడ ఉపదేశి, అంటే పాస్టరయ్యగారి బదులు ఊళ్లో సంఘాన్ని చూసుకునేవాడు. పగలంతా పనికి పోయే పిల్లలకు రాత్రిబడి చెప్పేవాడు కాబట్టి ఊరందరికీ పంతులు. పాస్టరయ్యగారి కింద చాలా ఊళ్లు ఉండేవి, అందుకని నెలకోసారి బల్లారాధనకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనానికి వచ్చేవారు. మిగతా ఆదివారాలు ఆరాధన జరిపించేది తాతే. చాలా ఏళ్లు సంఘం కోశాధికారి కూడా ఆయనే.

ఆరాధన అయిపోయాక అందరూ వెళ్లిపోయేవారు కాదు. బల్ల ముందు చాప పరిచి, కానుక సంచి దాని మీద బోర్లించేవాడు. గుడి తలుపులు రెండూ బార్లా తెరిచి ఉండాలి. పక్కన ఇద్దరు కూర్చోవాలి. ఒకరు సంఘ పెద్ద. రెండోవారు సంఘంలో ఆడవాళ్ల కూటమైన స్త్రీల మైత్రి నుంచి ఒక ముసలమ్మ, ఆమెకు చదువు రాదు. చదువు వచ్చినవాళ్లు ఉండగా ఆమె ఎందుకని ఒకసారి ఎవరో అడిగారు. "చదువు రానోళ్లకు అర్థం కాని లెక్క లెక్కే కాదు బిడ్డా" అన్నాడు తాత.

ఆమె కోసమే పైకి వినపడేట్టు లెక్కపెట్టేవాడు. నలుపలకల అయిదు పైసలు ఒకచోట, అంచులు వంకీలు తిరిగిన పది పైసలు ఒకచోట, ఆరుపలకల ఇరవై పైసలు ఇంకోచోట. అన్నీ అల్యూమినియం బిళ్లలే, ఊదితే ఎగిరిపోయేంత తేలిక. పదేసి చొప్పున పేర్చి, ఒక్కో దొంతి మీద వేలు పెట్టి, ముసలమ్మ మొహంలోకి చూసి, ఆమె తల ఊపాకే తర్వాతి దొంతికి పోయేవాడు. రూపాయి నోట్లు ఎప్పుడో గానీ వచ్చేవి కావు. వచ్చినవి కూడా చుట్టలు చుట్టుకుని, చీర కొంగు ముళ్లలో నలిగి, చెమటకు మెత్తబడి ఉండేవి. మిరప కోతల రోజుల్లో ఆ నోట్లు విప్పుతుంటే ఘాటుకి తుమ్ములు వచ్చేవి. తాత ఒక్కో నోటును తొడ మీద పెట్టి అరచేత్తో సాపు చేసేవాడు. తొందర పడేవాడు కాదు. ఆ నోటు ఏ చేలో వంగిన నడుముదో ఆయనకు తెలుసు.

అంతా అయ్యాక మొత్తం ఇంత అని గట్టిగా చెప్పి, పుస్తకంలో రాసి, ఇద్దరి చేతా సంతకం, వేలిముద్ర తీసుకునేవాడు. పెట్టెకు రెండు తాళాలు. ఒక తాళంచెవి తాత దగ్గర, రెండోది సంఘ పెద్ద దగ్గర. ఇద్దరూ వస్తే తప్ప పెట్టె తెరుచుకోదు.

ఇదంతా ఆయనకు బైబిల్లోని అపొస్తలుడు పౌలు నేర్పాడు. యెరూషలేములోని పేదల కోసం కానుకలు పోగుచేసినప్పుడు పౌలు ఆ డబ్బు పనిని తన తోటి పనివాడైన తీతు ఒక్కడికే అప్పగించలేదు. సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ని, ఇంకొక సహోదరుణ్ని తోడిచ్చి పంపాడు. ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలని కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఉంది. తాత బైబిల్లో ఆ పేజీ అంచు నలిగి నల్లబడింది. ఇప్పుడు దశమ భాగం, అంటే రాబడిలో పదో వంతు ఇవ్వడం గురించి మలాకీ మూడో అధ్యాయం వినని ఆదివారం లేదు. మంచిదే, ఇవ్వాలి. కానీ ఇచ్చినదానికి లెక్క చెప్పడం గురించి పౌలు రాసిన ఆ అధ్యాయం మీద ప్రసంగం విని ఎన్నేళ్లయిందో. ఇవ్వమని అడిగే నోటికి, ఏం చేశామో చెప్పే బాధ్యత కూడా ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

తాతకు ఈ పట్టుదల ఎక్కడ నుంచి వచ్చిందంటే అజరయ్య బిషప్ గారి సంగతి చెప్పాలి. వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారిది తిరునల్వేలి. 1909లో మిషనరీగా డోర్నకల్ వచ్చారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అభిషేకం పొందారు. ఇంగ్లండు నుంచి వచ్చిన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఎడ్లబండి మీద పల్లె పల్లె తిరిగేవారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత తల మీద చెయ్యి పెట్టించి, "నేను సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ" అని చెప్పించేవారు. తాత కూడా చిన్నతనంలో అలా చెయ్యి పెట్టుకుని చెప్పినవాడే. 1939లో డోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్ ప్రతిష్ఠకు నడిచి వెళ్లాడు. 1945 జనవరి 1న బిషప్ గారు చనిపోయారన్న వార్త వచ్చిన రోజు గురించి మాట్లాడితే ముసలితనంలో కూడా గొంతు పూడుకుపోయేది.

అజరయ్య గారు గట్టిగా పట్టుకున్న మాట ఒకటుంది. ఎంత పేదవాడైనా సంఘానికి ఇవ్వాలి. వినడానికి కఠినంగా ఉంటుంది. మా సంఘంలో ఉన్నదంతా మాలపల్లె, మాదిగపల్లె మనుషులే. దొరల దగ్గర పాలేరు జీతానికి ఉన్నవాళ్లూ కూలికి పోయేవాళ్లూ, దొరల ఇళ్ల ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచినవాళ్లు. వాళ్ల దగ్గర ఏం తీసుకుంటారు? తాత ఈ ప్రశ్నకు ఇచ్చిన జవాబు నేను మర్చిపోలేను. "ఊరంత కలిసి మనకు చెయ్యి చాపుడే నేర్పింది. గుడిల ఒక్కతాన్నే మన చెయ్యి పైన ఉంటది" అన్నాడు.

పిడికెడు బియ్యం కానుక ఆ ఆలోచన నుంచి పుట్టిందే. వంటకు ఎసరు పెట్టిన ప్రతిసారీ ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. పేరుకు బియ్యం గానీ చాలా ఇళ్లలో జొన్నలే. మా నాయనమ్మ కుండ పొయ్యి పక్కన గూట్లో ఉండేది. ఇంట్లో గింజలు నిండుకున్న రోజు కూడా ఆ కుండ మీద మూత తీసేది కాదు. పక్కింటికి వెళ్లి చేబదులు తెచ్చేది. ఆ తెచ్చిన దాంట్లోంచి కూడా పిడికెడు తీసేది.

లెక్కల విషయంలో తాత చాదస్తం పెద్దది. నైజాం రోజుల్లో ఆయనకు ముందున్న ఉపదేశి నిజాం నాణెమైన హాలీ సిక్కా ఒక వరుస, ఇంగ్లీషువాళ్ల రూపాయైన కల్దార్ ఒక వరుస రాసేవాడట. 1957 ఏప్రిల్‌లో అణాలు పోయి కొత్త పైసలు వచ్చినప్పుడు తాతకు కొత్త టెన్షన్ మొదలైంది. సర్కారు లెక్కలో ఒక అణాకు 6 పైసలు, మూడణాలకు 19. అంటే మూడు అణాలు విడివిడిగా మార్చితే 18, కలిపి మార్చితే 19. ఎవరికో ఒకరికి పైసా పోతుంది. అందుకని కానుకల అణాలను నాలుగేసి కట్టి పెట్టుకుని మార్చేవాడట, నాలుగణాలకైతే సరిగ్గా 25 వస్తుందని. కిరాణా సేటు నవ్వి, "పంతులూ, పైసకు గింత యాతనా?" అంటే, "నాదైతే నీకే ఇడుస్తుంటి" అన్నాడట.

గుడి ఆవరణలో చింతచెట్టు ఉండేది. దాని కాయ ఏటా పాడుకునేవారు, ఆ డబ్బు సంఘానిది. మేం మనవలం సెలవుల్లో రాళ్లు విసిరి చింతకాయలు కొట్టుకుని ఉప్పు కారం అద్దుకుని తినేవాళ్లం. తాత తిట్టలేదు. వచ్చే ఆదివారం లెక్క చదివేటప్పుడు అందరి ముందూ, "మా పిల్లలు తిన్న చింతకాయలకు 25 పైసలు" అని చదివాడు. మా చెవులు ఎర్రబడ్డాయి. వారం తిరక్కుండా పెద్దల ఇళ్లలోంచి కూడా అలాంటి పావలాలు పెట్టెలోకి వచ్చాయని నాయనమ్మ నవ్వుతూ చెప్పేది.

కోత పండుగ నాడు గుడి ముందు సంత లాగే ఉండేది. వడ్లు, జొన్నలు, పెసలు, కోళ్లు, గుమ్మడికాయలు, ఒక్కోసారి మేకపిల్ల. ఆరాధన తర్వాత వేలంపాట. ఒకరు పాడుకున్న గుమ్మడికాయను మళ్లీ కానుకగా ఇచ్చేస్తే ఇంకొకరు పాడేవారు. ఒకే కాయ నాలుగు చేతులు మారేది. మా ఇంటివాళ్లకు తాత పెట్టిన నియమం, సంతలో పలికే ధర కంటే తక్కువకు ఏదీ పాడుకోకూడదని. లెక్క చూసేవాడి ఇంటికి వస్తువు చవగ్గా వచ్చిందంటే పదిమందికి అనుమానం వస్తుందని ఆయన భయం. నాయనమ్మకు నచ్చిన పెట్టకోడి ఒక ఏడు చవగ్గా పోతుంటే ఆమె కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది గానీ నోరు తెరవలేదు.

అంత ఓర్చుకున్న మనిషి ఒక్క సంగతిలో మాత్రం తాతను చివరిదాకా క్షమించలేదు. అది నేను పుట్టకముందు జరిగింది.

మా పెద్ద మేనత్తకు పదేళ్లప్పుడు విషజ్వరం వచ్చింది. పట్నం ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఇంట్లో చేతిలో పైసా లేదు. పెట్టెలో కోత పండుగ డబ్బు ఉంది, గుడి కప్పుకు పెంకులు కొనడానికి. నాయనమ్మ అంది: "తీసుకో. పంట రాంగనె పెడుదువు. దేవుడేమన్న కాదంటడా?"

"దేవుడు కాదనడు. గని అది నాకిచ్చిన సొమ్ము కాదు" అన్నాడు తాత.

పాలిచ్చే బర్రెను తోలుకుపోయి ఆ పూటే అమ్మేశాడు. అవసరానికి అమ్మేవాడికి ధర ఎవరిస్తారు? సగానికి పోయింది. పిల్ల బతికింది. ఆ తర్వాత చాలా కాలం ఇంట్లో పాల చుక్క లేదు. "చంటిపోరనికి గంజి తాపిన, మీ తాత పెట్టెకు తాళం ఏసుకున్నడు" అని నాయనమ్మ చెప్పినప్పుడల్లా ఆ కోపం అప్పుడే పుట్టినంత వేడిగా ఉండేది. ఆ చంటిపిల్లవాడు మా నాన్న.

బర్రె అమ్మిన సంగతి తెలిసి సంఘంలో మనుషులు ఆస్పత్రికి వచ్చారు. రూపాయి, అర్ధరూపాయి చేతిలో పెట్టారు. అవి తీసుకున్నాడు తాత. నాయనమ్మకు అది ఇంకా అర్థం కాలేదు. అవీ ఆ మనుషుల పైసలే, ఇవీ ఆ మనుషుల పైసలే కదా అని. తాతకు రెండూ ఒకటి కావు. పెట్టెలోది గుడికని ఇచ్చింది. చేతిలో పెట్టింది పిల్లకని ఇచ్చింది.

చాలాకాలం నేను నాయనమ్మ పక్షమే. ఇప్పటికీ ఆమె కోపం న్యాయమైనదే అంటాను. బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే తల్లికి వేరే మాట ఎలా వస్తుంది? అయితే తాత ఆ కోపాన్ని పక్కన పెట్టేయలేదు. ఆ ఏడు పెంకులు వేయించాక సంఘం కూటంలో ఒక మాట పెట్టాడు. ఇకనుంచి కోత పండుగ డబ్బులో కొంత భాగం ఆపదకని వేరే సంచిలో పెట్టాలి, జ్వరమొచ్చినా పురుడొచ్చినా అడిగినవాళ్లకు ముగ్గురు పెద్దలు కూర్చుని ఇవ్వాలి అని. అందరూ ఒప్పుకున్నారు, తీర్మానం పుస్తకంలో రాశారు. ఆ సంచిలోంచి ఎంతోమంది ఆస్పత్రికి వెళ్లారు. సంఘంలో లేనివాళ్లు కూడా, గౌండ్ల ఇంటివాళ్లు, సాయిబుల ఇంటివాళ్లు. నమ్మకంగా ఉండటమంటే తాళం వేసి కాపలా కాయడం ఒక్కటే కాదని నాకు ఆ సంచి చూశాకే తెలిసింది. సొమ్ము ఎవరికి అందాలో వాళ్లకు దారి చెయ్యడం కూడా అందులో భాగమే. ఈ మాట నాయనమ్మతో అంటే, "బర్రె పోయినంక అచ్చిన తెలివి" అనేది.

ఊళ్లో తాత ఎవరికీ మతం మారమని చెప్పగా నేను చూడలేదు. కానీ బిడ్డ పెళ్లికి దాచుకున్న డబ్బును భర్తకు తెలియకుండా ఆయన దగ్గర దాచుకున్న ఆడవాళ్లు ఉన్నారు, వాళ్లలో చాలామంది గుడి గడప తొక్కనివాళ్లు. అన్నదమ్ముల పంపకాల్లో వడ్లు కొలవడానికి పిలిచేవారు. రెండు పక్షాలూ ఒప్పుకునే ఒకే కొలత అది. ఎక్కడైనా తిరకాసు వస్తే "పంతులు లెక్క చేయించుండ్రి" అనడం ఊళ్లో మామూలైపోయింది.

కళ్లు మసకబారాక కోశాధికారి పని వదులుకున్నాడు, ఎవరూ అడగకముందే. అప్పగింతల రోజు పెట్టెలో డబ్బు పుస్తకం కంటే రెండు రూపాయలు ఎక్కువ తేలింది. కొత్తాయన నవ్వి, ఎక్కువే కదా, దేవుడికే పోతుంది లెండి అన్నాడు. తాత ఒప్పుకోలేదు. "తక్కువొస్తే నా జేబుల నుంచి ఏస్తా. ఎక్కువొస్తే ఎవరిదని ఎయ్యాలె? ఎవరో ఇచ్చిన్రు, మనం రాయలే. ఇచ్చినోళ్ల పేరు మింగినట్టే గదా" అన్నాడు. వారం రోజులు ఇల్లిల్లూ తిరిగాడు, చేతికర్ర పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని. చివరికి తేలింది. పసిబిడ్డ బాప్తిస్మం నాడు ఒకామె కృతజ్ఞత కానుకగా సంచిలో కాక నేరుగా బల్ల మీద పెట్టి వెళ్లింది. అది పెట్టెలో పడింది, పుస్తకంలోకి ఎక్కలేదు. ఆ ఆదివారం ఆమె పేరు, రెండు రూపాయలు పైకి చదివాడు. ఆమె మొహం వెలిగిపోయింది. తన కానుక అందిందో లేదోనని ఆమెకు కూడా లోపల ఉండేదట, అడగడానికి మొహమాటపడింది.

ఆ తర్వాత నేను బ్యాంకులో క్యాషియర్‌ని అయ్యాను. సాయంత్రం క్యాష్ ట్యాలీ చేసేటప్పుడు తక్కువ వస్తే ఎంత తప్పో, ఎక్కువ వచ్చినా అంతే తప్పు. ట్రైనింగ్‌లో ఈ మాట చెప్తే చాలామంది ఆశ్చర్యపోయారు, నాకది పాత పాఠమే.

2016 నవంబర్ 8 రాత్రి అయిదువందలు, వెయ్యి నోట్లు రద్దయ్యాక కౌంటర్ ముందు రోజులు ఎలా గడిచాయో బ్యాంకుల్లో పనిచేసినవాళ్లకు తెలుసు. మనిషికి 4000 మార్పిడి, తర్వాత 4500, తర్వాత 2000. వేలికి సిరా. వరుస రోడ్డు దాకా ఉండేది. కమీషన్ ఇస్తామని, వెనక గుమ్మం నుంచి పని చేసిపెట్టమని అడిగినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒకరు మా దూరపు బంధువు, మాతో పాటు బల్లారాధనలో మోకరించే మనిషే. "వరుసలో నిలబడండి అన్నయ్యా" అన్నాను. ఆయన మూడేళ్లు మాతో మాట్లాడలేదు. ఆ రోజు వరుసలో ఒక పెద్దమ్మ కొంగు ముడి విప్పి రెండు అయిదువందల నోట్లు తీసి ఇచ్చింది. మెత్తగా, చెమటతో తడిసి ఉన్నాయి. నేను వాటిని కౌంటర్ మీద అరచేత్తో సాపు చేసి తీసుకున్నాను.

ఇప్పుడు సికింద్రాబాద్‌లో మేం వెళ్లే సంఘంలో కానుకలు సగం ఫోన్‌లోనే వస్తాయి. గుడి గుమ్మం దగ్గర క్యూఆర్ కోడ్ అతికించి ఉంది. డబ్బు బ్యాంకు ఖాతాలోకే పోతుంది కదా, ఇక ఇద్దరు కూర్చుని లెక్కపెట్టడం ఎందుకని కమిటీలో కుర్రాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఫోన్లో వచ్చినదాన్ని కూడా ఎంత వచ్చింది, ఏ పనికని వచ్చింది, ఎక్కడ ఖర్చయింది అని నెల మొదటి ఆదివారం పైకి చదవాలని నేను పట్టుబట్టాను. స్టేట్‌మెంట్ గోడకు అంటిస్తే చాలదా అన్నారు. మా సంఘంలో చదవడం రాని అమ్మలు ఇప్పటికీ ఉన్నారని చెప్పాను. వాళ్లు ఇచ్చేది ఇరవై, యాభై. వాళ్ల చెవిన పడాలి.

కొన్నాళ్లు వాదనలు జరిగాయి, చివరికి ఒప్పుకున్నారు. ఎక్కువ వాదించిన కుర్రాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇప్పుడు పుస్తకం అతని చేతికే ఇచ్చాం. పోయిన నెల లెక్క చదువుతూ మధ్యలో ఆగి, వెనక వరుసలో కూర్చున్న అమ్మలను చూసి, "వినబడుతోందా అమ్మా?" అని అడిగి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఆపద నిధి పెట్టాలన్న మాట కూడా అతనే ఎత్తాడు. ఎవరికి ఇవ్వాలి, ఎంతవరకు ఇవ్వాలి, ఎవరు నిర్ణయించాలి అన్నది వచ్చే కూటంలో తేల్చాలి. మా తాత సంఘంలో రాసుకున్న తీర్మానం నాకు తెలిసినంతవరకు కాగితం మీద పెట్టి అతనికి ఇచ్చాను.